బేత్లెహేములో చెప్పుల కాపలా

మా నాచారం చర్చి వాళ్లు పరిశుద్ధ దేశ యాత్రకు బయల్దేరితే, మా అత్తమ్మను తీసుకుని నేనూ వెళ్లాను. బేత్లెహేములో యేసయ్య పుట్టిన చోట కట్టిన చర్చి ముందు ఆగగానే అత్తమ్మ చెప్పులు విడిచేసింది.

"ఇక్కడ అందరు బూట్లతోనే లోపలికి పోతున్నరు అత్తమ్మా," అన్నాను.

"వాళ్లు పోనీ బిడ్డా. నాకైతే చెప్పులతోని లోపలికి కాలు రాదు," అంది.

లోపల ప్రార్థన చేసుకుని అందరం ఇంకో ద్వారం నుంచి బయటికి వచ్చాం. తీరా బస్సెక్కాక చూస్తే అత్తమ్మ లేదు! ఆమెకు అక్కడి భాష రాదు, చేతిలో ఫోన్ లేదు. మా ఆయనకు ఏం చెప్పాలని ఏడుస్తూ ఆ జనంలో పడి పరుగెత్తాను.

మొదటి ద్వారం పక్కనే, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె హవాయి చెప్పుల పక్కన వరసగా ఎవరెవరివో బూట్లు, చెప్పులు!

"చెప్పుల కోసం వచ్చినవా? లే అత్తమ్మా, బస్సు పోతది!"

"జర ఆగు. నా చెప్పులు సూసి వీళ్లు గూడ ఈడనే ఇడిసిన్రు. ఎవరన్న ఎత్కపోతే పాపం ఉత్తకాళ్లతోని ఎట్ల పోతరు?"

బస్సును ఆపించాల్సి వచ్చింది. ఆఖరి జత ఒక విదేశీ ముసలావిడది. ఆమె బూట్లు తొడుక్కుని, అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

యాత్రలో చూసినవి సగం మరిచిపోయాను. కానీ ఇప్పుడు ఆదివారం మా చర్చి గుమ్మం ముందు చెదిరిన చెప్పులన్నీ సర్ది గానీ లోపలికి వెళ్లను.

– సునీత, నాచారం