గడ్డి చెప్పిన సాక్ష్యం

మేము గాజువాకలో ఉంటాం. ఆదివారం ఆరాధన ముగిశాక బస్సెక్కి, ఊళ్లో ఉన్న మా అరెకరం చూసి వస్తాం. నిరుడు వరి మానేసి, ఎంతో ఆశతో మొదటిసారి మొక్కజొన్న వేశాం. ఒక ఆదివారం మా ఆయన యూరియా చల్లారు. మరుసటి ఆదివారానికి మొక్కల నడిమి లేత మొవ్వులన్నీ మాడిపోయి ఉన్నాయి.

పక్క చేను సూరి ఆ వారంలోనే తన గట్టుకి గడ్డిమందు కొట్టాడు. కావాలనే మా మీద పడేలా కొట్టాడని మా ఆయన అనుమానం. నాకూ అలాగే అనిపించింది.

"నువ్వు కాపోతే దీని మీద సెయ్యేసి సెప్పు" అంటూ ఆయన నా చేతిలోని బైబిలు లాక్కుని సూరి ముందు పెట్టారు. ఒట్టు వేయకూడదని వాక్యం చదివినదాన్నే, అయినా ఆపలేదు.

సూరి బైబిలుకి దండం పెట్టి, మొక్కల కింద మొలిచిన గడ్డిని చూపించాడు. "గడ్డిమందు పడితే నీ గడ్డి ఇంత పచ్చగా ఉంటాదేటి బావా? వరిమడిలో సల్లినట్టు యూరియా పైనుంచి సల్లీసినావు. మొవ్వులో పడి కాలిపోనాది. దీనికైతే మొక్క మొదలు కాడ ఎయ్యాల."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బస్సెక్కాక మా ఆయన మెల్లగా అన్నారు: "నాను సల్లుతన్నప్పుడు గట్టు మీదే ఉన్నాడు గదా. మరప్పుడెందుకు సెప్పలేదంటావు?"

నిందించినందుకు క్షమించమని ప్రార్థిద్దామని కళ్లు మూసుకున్నాను. ఆ ప్రశ్నే అడ్డొచ్చింది. అనుమానాన్ని వేరుతో పీకడం నా వల్ల కాదని, అది దేవుడే చేయాలని ఆరోజు తెలిసింది.