నాగేందర్ తుపాకి దించిన రోజు

నారాయణగూడలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర నాగేందర్ జోడుగొట్టాల తుపాకి పట్టుకుని నిలబడేవాడు. స్టూలు ఉన్నా కూర్చునేవాడు కాదు. వీపు ఎప్పుడూ గోడకే ఉండాలి. సైన్యంలో చేసి వచ్చిన సిద్దిపేట వైపు మనిషి. అశోక్‌నగర్‌లో కిరాయి గది. భార్య రేణుక చిక్కడపల్లిలో ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుట్టేది.

యుద్ధాల గురించి దొరికినంతా చదివాను. పాత కావ్యాల్లో వీరుడి ఒంటి మీది గాయాలను నగల్లాగా వర్ణిస్తారు. ఏనుగులను వర్ణిస్తారు, గుర్రాలను వర్ణిస్తారు, ధూళిని కూడా వదలరు. ఇంటికొచ్చాక ఆ వీరుడికి నిద్ర పట్టిందా అని అడిగినవాళ్లు మాత్రం అరుదు. ఎటో పోతున్నాను. మన మనిషి దగ్గరికి వద్దాం.

నాగేందర్‌కు నిద్ర పట్టేది కాదు. పడితే అరుస్తూ లేచేవాడు. డాక్టరు దగ్గరికి పోదామని రేణుక అడగని నెల లేదు.

"జ్వరమొస్తే సిక్ రిపోర్ట్ చేసెటోనివి గద. గిది గూడ గట్లనే అనుకో."

"నీకు తెల్వదు రేణుకా. మెంటల్ అని రాస్తే కేటగిరీ పడిపోతది."

"రిటైరైనోనికి ఇంక కేటగిరేంది!"

కేటగిరీ అంటే సైన్యంలో ఆరోగ్యాన్ని బట్టి ఇచ్చే స్థాయి. అది తగ్గితే ప్రమోషన్ ఆగుతుందని జవాన్ల భయం. యూనిఫాం విప్పేసినా ఆ భయం అతని ఒంటి మీదే ఉంది. దానికి తోడు ఇప్పుడు తుపాకి లైసెన్సు పోతుందేమోనన్న దిగులు. లైసెన్సు పోతే నౌకరీ పోయినట్టే.

ఒక మధ్యాహ్నం హాస్టల్ కుర్రాడొకడు పరీక్ష ఫీజు చలానా కట్టడానికి, హెల్మెట్ తీయకుండానే, సంచి పట్టుకుని గబగబా బ్యాంకులోకి వచ్చాడు. నాగేందర్ తుపాకి భుజానికెక్కింది. "హాల్ట్!" అన్న అరుపుకు బ్యాంకంతా కొయ్యబారింది. కుర్రాడు సంచి వదిలేసి చేతులెత్తాడు. అందులోంచి పుస్తకాలు జారిపడ్డాయి.

"సారీ అన్నా, హెల్మెట్ తీసుడు మర్సిన!"

మేనేజరు వీరరాఘవరావు గారు గదిలోంచి వచ్చి గట్టిగా నవ్వారు. "అదీ మిలిటరీ అంటే! చూశారా, మన బ్యాంకులోకి చీమ కూడా దూరలేదండీ!"

జనం చప్పట్లు కొట్టారు. ఒకాయన చేయి పట్టుకుని ఊపాడు.

ఆ క్షణంలో నాగేందర్‌కు బ్యాంకు కనబడలేదు. సైన్యంలో కాపలా కాసిన మంచుకొండ కనబడింది. "పోరడు ఇంకో అడుగేస్తే కాల్చెటోన్ని సార్," అని తర్వాత నాతో అన్నాడు. "అందరు చప్పట్లు కొడుతుంటె నా వేలు ఇంక ట్రిగ్గర్ మీదనే ఉన్నది."

మర్నాడు పొద్దున బ్యాంకు తెరవగానే తుపాకి తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టాడు.

"అదేంటయ్యా! అవార్డు కోసం నీ పేరు హెడ్డాఫీసుకు రాశాను కదా."

"వద్దు సార్. దీన్ని లోపల పెట్టుండ్రి. నా పానం మంచిగ లేదు."

"జ్వరమా? రెండ్రోజులు సెలవు తీసుకో."

నాగేందర్ తూటాల బెల్టు కూడా విప్పి బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

రేణుకతో కలిసి వెళ్లిన మాజీ సైనికుల క్లినిక్‌లో డాక్టరమ్మ ఏం ఇబ్బంది అని అడిగితే "మోకాళ్ల నొప్పులు మేడం" అన్నాడు. ఆవిడ మందు రాయబోయింది. రేణుక మొగుడి వైపు చూసింది.

"మోకాళ్లు గాదు మేడం," అన్నాడప్పుడు.

సైన్యంలో ఇద్దరిద్దరిని జోడీ కడతారు. ఒకడి ప్రాణానికి ఇంకొకడు పూచీ. "నా జోడీ శ్రీనాథ్. నిద్ర పడ్తలేదురా, డాక్టర్‌కు చెప్త అన్నడు. నేనే వద్దన్న. కేటగిరీ పడ్తది, హవల్దార్ గావురా నువ్వు అన్న. నా మాట ఇన్నడు మేడం."

ఆ చలికాలం దాటకుండానే శ్రీనాథ్ తన ప్రాణం తానే తీసుకున్నాడు. శవపేటిక వెంట కరీంనగర్ వైపు పల్లెకు పోయింది నాగేందరే. తల్లి సత్తవ్వ అతని చొక్కా పట్టుకుని కొడుకు చివరి రోజుల్లో ఎట్లున్నాడని అడిగితే, "మంచిగనే ఉన్నడమ్మా" అని చెప్పి వచ్చాడు.

రేణుక ఇదంతా వినడం అదే మొదటిసారి. డాక్టరమ్మ బయటివాళ్లను కాసేపు ఆగమని చెప్పి తలుపు వేయించింది.

తుపాకి నౌకరీ పోయింది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్ గేటు దగ్గర ఉత్త చేతులతో ఉంటాడు. మంగళవారం మంగళవారం క్లినిక్‌కు పోతాడు. కొన్ని రాత్రులు ఇంకా అరుస్తూనే లేస్తున్నాడు.

పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరు ఈ ఊళ్లో వెక్కిరింత అయిపోయింది. టీకొట్టు మాసయ్య కూడా ఊరుకోలేదు: "ఏం మిలిటరీ, కనిపిస్తలేవు! ఎర్రగడ్డకు గిట్ట పోయినవా?"

"గసొంటి డాక్టర్ దగ్గరికే పోతున్న మాసన్నా. జర చక్కెర తక్కువెయ్యి."

మాసయ్య చెంచాలోని చక్కెర సగం మళ్లీ డబ్బాలోకి ఒంపాడు.

దసరాకు సత్తవ్వ ఎప్పటిలాగే ఫోన్ చేసింది. "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగింది. ఇన్నేళ్లూ "మంచిగున్ననమ్మా" అనేవాడు.

"మంచిగ లేనమ్మా," అన్నాడు ఈసారి. "నిద్ర పడ్తలేదు. డాక్టర్‌కు చూపిచ్చుకుంటున్న."



"ఆపకు బిడ్డా," అన్నది సత్తవ్వ. "పోవుడు ఆపకు."