గ్యాస్ క్యాన్‌ని విమానం ఎక్కించబోయిన రోజు

ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నా బ్యాడ్జీ మీద పేరు కింద ‘ఇన్వెస్టిగేటర్’ అని ఉండేది. ఆ ఒక్క మాట కోసం కిరాణా కొట్టుకు కూడా బ్యాడ్జీ వేసుకుని వెళ్లేవాణ్ణి. నేను పరిశోధించేది హత్యల్ని కాదు, పెట్రోలు డబ్బాల్ని (అమెరికాలో గ్యాస్ క్యాన్ అంటారు, గడ్డి కోసే మెషిన్ కోసం దాదాపు ప్రతి గ్యారేజీలోనూ ఒకటి ఉంటుంది). డబ్బా అంటుకుని ఎవరికైనా గాయాలైతే, దాన్ని తయారుచేసిన కంపెనీ చాండ్లర్‌లోని మా ల్యాబ్‌కి కారణం కనిపెట్టే పని అప్పగించేది. మా మేనేజర్‌ని మేం చాటుగా మూత సార్ అనేవాళ్లం. ఏ ఫైలు వచ్చినా ‘యూజర్ ఎర్రర్’, అంటే వాడినవాళ్లదే తప్పు అని రాసి మూసేయడం ఆయన పద్ధతి.

మొదటిసారి నన్ను ఒంటరిగా, విమానంలో నాలుగు గంటల దూరంలో ఉన్న అల్ఫారెట్టా ఊరికి పంపారు. గాయపడినావిడ మన తెలుగావిడే, చర్చిలో సండే స్కూల్ చెప్పే ఆంటీ. కుడిచేతికి మోచేతి దాకా కట్టు. గ్యారేజీలో మెషిన్‌కి పెట్రోలు పోస్తుంటే ఆవిరి ఆ మూలనే ఉన్న గ్యాస్ వాటర్ హీటర్ మంట దాకా పాకిందట. ఆ మంట తిరిగొచ్చి డబ్బాలోకి దూరిందట. నేను ఫారం తీసి పద్ధతిగా అడిగాను. “ఆ టైమ్‌లో స్మోక్ చేస్తున్నారా ఆంటీ?”

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “బాబూ, మీ ఆఫీస్ నుంచి ఫోన్ చేసినాయన ఇదే మాట రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు నువ్వు. గ్యారేజీలో పోయడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. మరి డబ్బా లోపలికి మంట ఎట్లా పోయింది? అది రాయడానికి నీ ఫారంలో గడి ఉందా?”

లేదు. (వెనక పేజీ కూడా తిప్పి చూశాను.) నా కోపం అక్కడ మొదలైంది. ఆ కోపంలోనే, సగం కరిగిన డబ్బాని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, అద్దె కారులో తిన్నగా ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లి చెక్-ఇన్ కౌంటర్ మీద పెట్టాను. అడుగున కాస్త పెట్రోలు ఇంకా మిగిలే ఉంది. కౌంటర్‌లో అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసింది. నేను బ్యాడ్జీ చూపించి “ఇట్స్ ఎవిడెన్స్” అన్నాను. ఇద్దరు పోలీసులు వచ్చారు. వాళ్ల మీదా అరిచాను (హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు చేయకూడని పనుల్లో అది మొదటిది). నన్నొక గదిలో కూర్చోబెట్టి మూత సార్‌కి ఫోన్ కలిపారు.

“ఏంరా, సేఫ్టీ ఇన్వెస్టిగేటర్‌వి, గ్యాస్ క్యాన్‌ని ఫ్లైట్ ఎక్కిస్తవా? ఆమెది యూజర్ ఎర్రర్, నీది గూడ యూజర్ ఎర్రరే. వచ్చెయ్, ఫైల్ క్లోజ్ చేద్దాం” అని ఆయన పకపకా నవ్వాడు. కాలిన చేతినీ నా తెలివితక్కువతనాన్నీ ఒకే గాటన కట్టి నవ్విన ఆ నవ్వు నాకింకా వినిపిస్తూనే ఉంటుంది.

పోలీసులు గట్టిగా హెచ్చరించి, డబ్బాతో సహా బయటికి పంపారు. విమానం వెళ్లిపోయింది. గత్యంతరం లేక మళ్లీ ఆంటీ ఇంటికే వెళ్లాను. “చదువుకున్నవాడివేనా బాబూ?” అని ఆవిడ మొదటిసారి నవ్వింది. డబ్బాని పెరట్లో ఆరబెట్టి, అలాంటి సరుకు తీసుకెళ్లే ట్రక్కులో చాండ్లర్‌కి పంపించాను.

ల్యాబ్‌లో డబ్బా మూతి కోసి చూశాను. మంట లోపలికి పోకుండా ఆపే సన్నని వల అక్కడ ఉండాలి. కంపెనీ ఇచ్చిన డ్రాయింగులో ఉంది, డబ్బాలో లేదు. షాపు నుంచి అదే రకం కొత్తవి ఐదు తెచ్చి కోశాను. వాటిలోనూ లేదు. మూత సార్ అప్పటికే రిపోర్టు టైప్ చేసి పెట్టుకున్నాడు.

“సైన్ చెయ్. క్లయింట్ పోతే నీ వీసా ఎవరు చూస్తరు?”

నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. కోపంతోనే అని చాలాకాలం అందరికీ చెప్పుకున్నాను గానీ, అందులో సగం భయమే. సంతకం మాత్రం పెట్టలేదు. ఆరు మూతుల ఫొటోలూ నేరుగా ల్యాబ్ డైరెక్టర్‌కి పంపి, కింద ‘ఇది ఎవరి ఎర్రర్?’ అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాను. (ఎర్రర్ అన్న మాటకే స్పెల్లింగ్ తప్పు.)

కొన్ని వారాలకి కంపెనీ ఆ డబ్బాలన్నిటినీ షాపుల నుంచి వెనక్కి తెప్పించింది. మూత సార్ నాతో మాట్లాడడం మానేసి, ఆ తర్వాత వేరే ల్యాబ్‌కి వెళ్లిపోయాడు. ఆంటీ చెయ్యి మానింది గానీ రెండు వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. అది తలుచుకుంటే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నేనే మేనేజర్ని. ప్రతి ఈమెయిల్‌నీ మూడుసార్లు చదివి, మెత్తబరిచి పంపుతాను. పెట్రోలు కంపు కొట్టే చొక్కాతో పోలీసుల మీద అరిచిన ఆ కుర్రాడు ఇవాళ నా టీమ్‌లో ఉంటే నెలరోజులు కూడా భరించలేను. కానీ కాలిన చెయ్యి నాదైతే మాత్రం, ఫారం పట్టుకుని వాడే రావాలి.