ఫ్లూట్‌కి తలంటు

శాంటా క్లారాలో నా అపార్ట్‌మెంట్ క్లాజెట్ తెరిచి ఫ్లూట్ పెట్టె మూత తీస్తే ఇప్పటికీ కొబ్బరినూనె వాసన వస్తుంది. గొప్పవాళ్ల సంగీతానికి ఏ వాసనుంటుందో తెలీదు గానీ, నాదానికి మాత్రం ఆదివారం పొద్దున జడ వేయించుకుంటున్న వాసనే.

మా చిన్నప్పుడు షామ్‌బర్గ్‌లో చలికాలమంటే కిటికీ అవతల బూడిదరంగు మంచు, ఇవతల హీటర్ గాలికి పగిలిన పెదాలు, పోపు వాసన పట్టేసిన జాకెట్లు, వాటిని తొడుక్కుని ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి రవాణా అయ్యే మేము. తెలిసినవాళ్ల పిల్లలకి వయొలిన్లూ పియానోలూ దక్కితే నాకు ఐరిష్ ఫ్లూట్ దక్కింది. కళ మీద ప్రేమేం కాదు, లైబ్రరీలో ఆ క్లాసు ఇంటికి దగ్గర. ఆరు బెజ్జాల నల్ల కర్ర. అడ్డంగా పట్టుకుని నెలల తరబడి ఊదితే, కుక్కర్ విజిల్‌కి ముందొచ్చే బుస లాంటిది వచ్చేది. నాన్న దాన్నీ వీడియో తీసేవాడు.

ఆ క్లాసు చెప్పే మోరా టీచర్ దగ్గర పుస్తకం లేదు, పరీక్షల్లేవు, సర్టిఫికెట్ లేదు, కాబట్టి అమ్మ లెక్కలో అది క్లాసే కాదు. అందరూ గుండ్రంగా కూర్చుని, ఒకే వరసని తిప్పి తిప్పి వాయించడం, మొదటిసారి వినని చెవిటివాళ్ల కోసం కాబోలు. ఆ గుంపులో పాట మొదలుపెట్టే వంతు వారానికి ఒక్కళ్లకే వచ్చేది. అంత పనికిమాలిన గౌరవం కోసం నేను చలికాలమంతా కాచుకుని కూర్చున్నాను.

చివరికో ఆదివారం నా వంతొచ్చింది. కర్ర పగలకుండా కాస్త బాదంనూనె రాయమని టీచర్ ఎప్పుడో చెప్పింది. బాదంనూనె దండగన్న అమ్మ, నా తలకి కొబ్బరినూనె పెట్టిన చేత్తోనే ఫ్లూట్‌కీ లోపలా బయటా దట్టంగా పట్టించింది.

"నీ జుట్టుని కాపాడింది, కర్రముక్కని కాపాడదా?"

తర్వాత దాన్ని కారు డిక్కీలో పడేసి, దారిలో ఇండియన్ స్టోర్‌లో మునక్కాడలు ఏరుతూ చాలాసేపు గడిపాం.

లైబ్రరీలో అందరూ నావైపు చూస్తుండగా ఊదాను. బుస కూడా రాలేదు. చలికి నూనె గడ్డకట్టి బెజ్జాలన్నీ తెల్లగా పూడిపోయాయి. అమ్మ ఫ్లూట్ లాక్కుని, రెస్ట్‌రూమ్‌లో చేతులారబెట్టుకునే మెషీన్ కింద పట్టి, జడపిన్నుతో ఒక్కో బెజ్జం పొడుస్తుంటే, నా వంతు ఇంకొకళ్లకి ఇచ్చేసుంటారని నేను పక్కన నిలబడి కుమిలిపోయాను.

"ఏడవకే. ముక్కు కారితే ఇంక ఊదినట్టే."

తిరిగొచ్చేసరికి నా కుర్చీ ఖాళీగానే ఉంది, టీచర్ మిగతావాళ్ల చేత పాత పాటే తిప్పిస్తోంది. మొదలుపెట్టాను. నూనెకి వేళ్లు నిలవవు, వేలు బెజ్జం మీంచి జారుతుంటే స్వరమూ దాంతోపాటు పైకి పాకుతోంది. అయినా అందరూ అందుకున్నారు. అయ్యాక టీచర్, అలా జారడమే ఈ సంగీతానికి ప్రాణమనీ, ఏళ్ల సాధనకి గానీ రాదనీ, నాకు పుట్టుకతోనే వచ్చిందనీ చెప్పి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నూనె తుంపర పడుంటుంది.

అమ్మ తన అరచేతుల వంక చూసుకుంది. "ఇంకో సీసా కొనాలి," అంది.

షామ్‌బర్గ్ ఇల్లు ఎప్పుడో అమ్మేశాం. అమ్మ జుట్టు కత్తిరించుకుని ఏదో సీరం రాసుకుంటోంది. నేను పద్ధతిగా, దూది మీద రెండు చుక్కల బాదంనూనెతో సరిపెడుతున్నాను. వేళ్లు పెట్టినచోటే ఉంటున్నాయి, స్వరాలు టైప్ చేసినట్టు వేటికవి విడిగా పడుతున్నాయి. పుట్టుకతో వచ్చిన ఆ జారుడు మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా రాలేదు.