చెంచమ్మ కలిపిన వరస

చెంచమ్మకు పల్లెలో ఒక పేరుంది, తిట్లు తినడానికే పుట్టిన మనిషని. ఆ మాట అన్నవాళ్ల మీద ఆమెకు కోపం లేదు సరికదా, తనే నవ్వుతూ చెప్పుకునేది. ముత్తుకూరు అవతల ఉన్న రొయ్యల ఫ్యాక్టరీకి తమ పల్లె నుంచి వ్యాను నిండా ఆడవాళ్లను తీసుకెళ్లే మేస్త్రి ఆమె. రొయ్యల తలలు తీయడం, పొట్టు వలవడం వాళ్ల పని. వలిచినదాంట్లో పొట్టు మిగిలినా, ఎవరైనా ఆలస్యంగా వచ్చినా, చెంచమ్మే గ్లౌజులు విప్పి సూపర్‌వైజరు ముందు చేతులు కట్టుకుని నిలబడేది. "తప్పైపోయింది సార్, నా మొహం చూసి వదిలెయ్యండి" అనేది. వాళ్లు నాలుగు తిట్టి పోయేవాళ్లు. "తిట్టినోడి నోరు నొస్తాది గానీ నా ఒంటికి దద్దుర్లు లేస్తాయా మేయ్!" అనేది తిరిగొచ్చేటప్పుడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న మాటను మనసారా నమ్మిన మనిషి, పాపం.

నరేంద్రబాబు వచ్చాక ఆ నమ్మకానికి నూకలు చెల్లాయి. ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా దిగాడతను. ముప్పై ఏళ్లుంటాయో ఉండవో, ఏం చూసుకుని అంత పొగరో! అల్పుడికి ఐశ్వర్యమొస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాట్ట. ఇతనికి ఐశ్వర్యం కూడా రాలేదు, మెడలో ఒక ట్యాగు, చేతిలో ఒక వాకీటాకీ వచ్చాయి, అంతే. ఆడవాళ్లను పేరు పెట్టి పిలవడు, చిటికేసి పిలుస్తాడు. ఒక్కదాని తప్పుకు బల్ల మొత్తాన్నీ భోజనానికి వదలడు. ఐసు నీళ్లలో వేళ్లు కొంకర్లు పోయి ఎవరైనా కాస్త చేతులు రుద్దుకుంటే, "ఇదేమన్నా మీ పుట్టిల్లా?" అంటాడు.

అతని కన్ను ఉషారాణి మీద పడింది. నిండా పాతికేళ్లు లేని పిల్ల, కడుపుతో ఉంది. మొగుడు మాలకొండయ్య వేటకెళ్లి నడుం విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ పిల్ల పనే దిక్కు. కడుపుతో ఉన్న మనిషి, పైగా పొద్దస్తమానం చల్లటి నీళ్లలో నిలబడాలి, మాటిమాటికీ బాత్రూముకు పోవాల్సి వచ్చేది. ఒకరోజు నరేంద్రబాబు ఆమెను ఆపి, అందరూ చూస్తుండగా గోడ పక్కన నిలబెట్టాడు. చెంచమ్మ ఎప్పటిలాగే పరిగెత్తింది.

"నా మొహం చూసి వదిలెయ్యండి సార్."

"మాస్కులో నీ మొహం ఎక్కడ కనిపిస్తోంది?" అన్నాడు.

పక్కనున్న క్వాలిటీ సెక్షన్ అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఇంకోసారి లైను వదిలి కదిలితే గేటు బయటేనని ఉషారాణికి చెప్పి అతను వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వ్యానులో ఐసు సెక్షన్‌లో పనిచేసే రెబెక్కమ్మ నరేంద్రబాబు మాట ఎత్తింది.

"నీకు తెలవదా అక్కా? ఆయన మన కోవూరాయనే. పద్మనాభయ్య గారి కొడుకంట. చదివింది చెన్నైలో."

చెంచమ్మ సీటులోంచి ఎగిరినంత పని చేసింది. ఆమె పుట్టిల్లు కోవూరు పక్కనే. పెళ్లికి ముందు ఏటా పద్మనాభయ్య గారి చేలో నాట్లు వేసేది. ఆయన భార్య గట్టున నిలబడి పని చూసుకుంటుంటే, మోటారు కొట్టంలో చీర ఉయ్యాల కట్టి పిల్లాణ్ని ఊపింది ఈమే.

"ఓరి నా తండ్రీ, ఆ చీమిడి ముక్కోడా! ఇంక నీకేం భయం లేదు మేయ్ ఉషా. రేపు నేను మాట్లాడతా గదా!"

వ్యానంతా నవ్వులు. ఉషారాణి కూడా నవ్వింది.

మా పక్క జనానికి ఇదొక జబ్బు. ఎవరెదురైనా మీదే ఊరు, ఎవరి తాలూకు అని ఆరా తీసి, ఏదో ఒక వరస కలిపేదాకా ప్రాణం కుదుటపడదు. కలిసిందా, ఇక ఆ మనిషి మనవాడే. ఆ సంగతి చాటుగా అనడం చిన్నతనమనీ, నలుగురిలో అంటేనే ఎదుటివాడికి మర్యాద అనీ ఇంకో నమ్మకం.

మర్నాడు సరుకు కొనే కంపెనీవాళ్లు చూడ్డానికి వచ్చారు. నరేంద్రబాబు వాళ్లకు ఇంగ్లీషులో ఏదో చెబుతూ బల్లల మధ్య నడుస్తున్నాడు. చెంచమ్మకు అంతకంటే మంచి సమయం దొరకలేదు. మొహం కనిపించాలి కదా అని మాస్కు కిందికి లాగి ఎదురెళ్లింది.

"అబ్బయ్యా, నన్ను ఆనవాలు పట్టలేదా? నువ్వు మా పద్మనాభయ్య గారి కొడుకువంట గదా! నిన్ను ఉయ్యాల ఊపింది నేనే నాయనా. ఒంటిమీద గుడ్డ నిలవనిచ్చేవోడివా నువ్వు! మొలతాడుతో వచ్చి నా సంకెక్కి, నా సద్దన్నం ముద్దలు తిన్నావు."

వచ్చినవాళ్లలో ఒకాయన, ఏమంటోందని క్వాలిటీ అమ్మాయిని అడిగాడు. ఆ పిల్ల చెప్పలేక నవ్వాపుకుంది. నరేంద్రబాబు చెవులు ఎర్రబడ్డాయి. కూలిమనిషి చేతి ముద్ద తిన్నాడన్న మాట ఇంతమందిలో బయటపడింది. అరిచినా బాగుండేది, తిట్లు తినడం ఆమెకు అలవాటే. అతను అరవలేదు.

"మాస్కు పెట్టుకుని పోయి పని చూసుకో" అన్నాడు మెల్లగా.

ఆ మెల్లదనాన్ని మంచితనం అనుకుంది, పిచ్చి తల్లి! గండం గడిచిందని ఉషారాణికి కళ్లతోనే సైగ చేసింది.

మధ్యాహ్నం సెక్యూరిటీ అతను వచ్చి ఉషారాణి కార్డు తీసుకుని, ఆమెను గేటు దాటించాడు. చెంచమ్మ నరేంద్రబాబు గదికి ఉరికింది. ఇప్పుడు అబ్బయ్యా లేదు, నాయనా లేదు.

"నోరు జారింది నేను సార్. తీస్తే నన్ను తియ్యండి. అది కడుపుతో ఉండే పిల్ల, దాని కడుపు కొట్టబాకండి."

"నిన్నెందుకు తీస్తాను?" అన్నాడతను కుర్చీలోంచి కదలకుండా. "నువ్వుండాలి. రోజూ ఇలాగే చేతులు కట్టుకుని నిలబడాలి. నువ్వు నాకు ఎవరివో నీకు ఇంకోసారి గుర్తొస్తే, మీ వ్యానులో ఇంకొకళ్లు తగ్గుతారు."

మానేద్దామన్నా దారి లేదు. మేస్త్రి మానేస్తే ఆ వ్యానులో మనుషులందర్నీ ఆపేయడం అక్కడి రివాజు. ఎన్నో ఏళ్లుగా అందరి తిట్లూ తినే చెంచమ్మ, ఆ రోజు ఒక్క తిట్టూ తినకుండానే కుప్పకూలిపోయింది.

తెల్లారి వ్యాను ఉషారాణి ఇంటిముందు ఆగకుండా పోబోతుంటే, చెంచమ్మ ఆపించి దిగింది. ఆ పిల్ల గడపలో నిలబడి ఉంది.

"మేయ్ ఉషా, ఇంకో ఫ్యాక్టరీలో నాకు తెలిసినోళ్లు ఉండారు. నేను అడుగుతా..."

"వద్దత్తా" అంది ఉషారాణి. కోపం కూడా లేదు ఆ గొంతులో. "ఎవుర్నీ అడగబాక. నువ్వు నిన్న మాట్లాడకుండా ఉండుంటే, నాలుగు మాటలు పడైనా కానుపు దాకా నెట్టుకొచ్చేదాన్ని."

షిఫ్టుకు టైమవుతోందని డ్రైవరు హారన్ కొట్టాడు. చెంచమ్మ వెళ్లి వ్యానెక్కింది.