ప్రశ్నలు లేని పరీక్ష

తొంభైల చివర్లో నేను కృష్ణగిరిలో డిగ్రీ జువాలజీ చదువుతున్నాను. మాది డెంకణికోట దగ్గర అడవి పక్క పల్లె. కాలేజీకి కొత్తగా వచ్చిన లెక్చరర్ ఇంటర్నల్ పరీక్ష రోజున మాకు తెల్ల కాగితాలు మాత్రమే ఇచ్చారు.

"కొశ్చన్ పేపర్ యాడ సార్?" అని అడిగాం.

"ప్రశ్న మీరే వేసుకొని, జవాబూ మీరే రాయండమ్మా. రెండింటికీ మార్కులుంటాయి."

అందరం ముఖాలు చూసుకున్నాం. పక్కమ్మాయి గబగబా కప్ప గుండె బొమ్మ గీయసాగింది. బట్టీ పట్టిందంతా కలగాపులగమై, నాకు మా చేలో పడే ఏనుగులే గుర్తొచ్చాయి. 'రాగి కంకి గింజ పట్టగానే అడవిలోని ఏనుగులకు ఎలా తెలుస్తుంది?' అని రాశాను. జవాబు ఒక్క ముక్కా తోచలేదు. ఏడుపు ఆపుకుంటూ కాగితం ఇచ్చేశాను.

మర్నాడు సారు అందరి ముందూ నన్ను లేపారు.

"జవాబేమమ్మా?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. ప్రశ్నకు పూర్తి మార్కులేసినాను. జవాబు కోసం మీ చేను చూపిస్తావా?"

తమాషా అనుకున్నాను. ఆదివారం నిజంగానే వచ్చారు. చేనంతా తిరిగి, చివరికి మా నాన్ననే అడిగారు: "ఏనుగులకు ఎట్లా తెలుస్తాదప్పా?"

నాన్న అయోమయంగా ఇద్దరినీ చూశాడు. "అట్లాంటివి తెలుసుకునేదానికే కదా సామీ, బిడ్డను మీ కాడికి పంపించినాను!"

సారు పకపకా నవ్వారు. నాకు నవ్వాలో, సిగ్గుపడాలో తెలియలేదు. మిగతా పరీక్షల్లో ఏం రాశానో మరిచిపోయాను కానీ, జవాబు రాయలేని ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నన్ను ఆలోచింపజేస్తూనే ఉంది.