నూలు ఇచ్చినవాళ్లకే చీర

నగరి నేతవీధిలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి నూలు తీసుకుంటే వాళ్లకే చీర ఇవ్వాలి. ఒక షావుకారి నూలు మగ్గం మీద పెట్టుకుని ఇంకొకరికి చీర అమ్మినవాణ్ణి వీధి వీధంతా దొంగ అంటుంది. లీలావతి ఈ మాట వింటూ పెరిగింది. చివరికి అదే ఆమె కొంప ముంచింది.

ముప్పై ఏళ్లు షావుకారు వెంకటముని దగ్గర కూలికి నేసిన మనిషి. నాలుగేళ్ల కింద, అందరి ఫోన్లలో ఉండే ఆ పాత సైటులో సొంత పేజీ తెరిచింది. మగ్గం ముందు కూర్చుని తెగిన పోగును ఎలా అతకాలో చెప్పేది, మధ్యమధ్యలో మొగుడు ఏకాంబరాన్ని తిట్టేది. జనానికి చీరలు నచ్చాయో తిట్లు నచ్చాయో, ఇరవై రెండు వేల మంది చేరారు. మద్రాసులో శకుంతలమ్మ అనే టీచరమ్మ పండక్కో చీర తెప్పించుకునేది. ఆర్డర్లన్నీ పేజీలోనే. ఇక కొనేవాళ్ల ఫోను నంబర్లు రాసిపెట్టుకోవడం ఎందుకనుకుంది లీలావతి. సొంత నూలు, సొంత చీర, సొంత పేరు. షావుకారి గడప తొక్కే అవసరం తప్పింది. అబ్బో, ఆ రోజుల్లో ఆమె నడకే వేరు!

అప్పుడు దిగాడు యువరాజ్. తిరుపతిలో కొత్తగా పెట్టిన ‘పలకరింపు’ అనే సైటు మనిషి. పాతదాన్ని మట్టి కరిపిస్తామని ఊరూరా తిరుగుతున్నాడు. లీలావతికి ఫోను నిలబెట్టే స్టాండూ, గుండ్రటి లైటూ ఊరికే ఇచ్చాడు.

“మీవాళ్లనంతా మా దాంట్లోకి పిలువక్కా. ఇది మన తెలుగోళ్ల సైటు” అన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె పాత పేజీ తీసేయడానికి కూర్చుంది. ఏకాంబరం అదిరిపడ్డాడు.

“ఏమ్మే, పిచ్చి పట్టిందా నీకు? రెండూ ఉండనీ.”

“వాళ్ల లైటు ఈడ పెట్టుకోని ఆడ మాట్లాడితే మనిషి జన్మేనా?”

నిజంగానే తీసేయాలా అని ఫోను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునంది మహాతల్లి. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం, ఈమె దాటకముందే తగలేసింది. ఇరవై రెండు వేల మందిలో కొత్తదానికి వచ్చింది మూడు వందల మంది.

ఎనిమిది నెలలకు ‘పలకరింపు’ మూతపడింది. షావుకారిని వదిలేటప్పుడు మిగిలిన నూలు తిరిగి ఇచ్చేయాలి కదా, అందుకని లైటునూ స్టాండునూ తువ్వాలులో చుట్టుకుని తిరుపతి బస్సెక్కింది. ఆఫీసుకు తాళం. కింద టీకొట్టు దగ్గర యువరాజ్ కనిపించాడు, భుజాన ఇంకేదో కంపెనీ బ్యాగు.

“అయ్యో, ఇది ఎందుకు తెచ్చినావక్కా? ఉంచుకో.”

“మీ కోసరం పాతది తీసేసినానప్పా.”

“తీసేయమని ఎవరు చెప్పినారు? మాకే ఆడ పేజీ ఉండాది గదా! మా ప్రచారమంతా ఆడే చేసినాం.”

ఒళ్లు మండిపోయింది. ఎవరిని తిట్టాలో తెలియక బస్సు నగరి చేరేదాకా తనను తానే తిట్టుకుంది. పాత సైటులో మళ్లీ కొత్తగా పేజీ తెరిస్తే నలభై మంది చేరారు. నలభై మందితో పొయ్యి వెలుగుతుందా? తలవంచుకుని షావుకారి గడప ఎక్కింది.

“రా లీలావతీ. నువ్వు పోతే పోయినావు గానీ, నిన్ను సూసి మేమూ పేజీ పెట్టినాంలే” అని నవ్వాడు వెంకటముని, నూలు తూచి ఇస్తూ.

పోయిన వారం ఏకాంబరం ఫోను తెచ్చి ముందుపెట్టాడు. షావుకారి పేజీలో ఆమె నేసిన ఆకుపచ్చ చీర. కింద శకుంతలమ్మ రాసింది, ‘ఈ అంచు నగరి లీలావతి చేతిపనిలా ఉంది. ఆమె ఎక్కడుంది? ఏడాదిగా వెతుకుతున్నాను.’ దాని కింద షావుకారి జవాబు, ‘మా సొంత తయారీ మేడమ్.’

“నేనేనని రాయి మే! నంబరు పెట్టు!” అన్నాడు ఏకాంబరం.

లీలావతి చెయ్యి ఫోను దాకా వెళ్లింది. కళ్లు మగ్గం మీద పడ్డాయి.

“నూలు ఆయనది గదా” అంది. ఫోను అతని చేతిలో పెట్టేసి, మళ్లీ నేయడానికి నాడె అందుకుంది.